ఆలివ్ నూనె: ఇంట్లో నిల్వ

వంటనూనెల్లో ఎక్కువ కాలం నిలిచే వాటిలో ఆలివ్ నూనె ఒకటి. అయినా ఎంత భద్రంగా దాచినా నెలలు గడిచే కొద్దీ అది రుచిని, వాసనను, పోషక గుణాన్ని కొంత కొంతగా పోగొట్టుకుంటుంది. వెలుతురు, వేడి, గాలి తగిలితే ఈ మార్పు వారాల్లో తెలిసిపోతుంది. తగలకుండా చూస్తే ఏడాదికి పైగా పడుతుంది. ఇంట్లో పాటించే నిల్వ పద్ధతులన్నీ ఈ వేగాన్ని తగ్గించేవే, మార్పును పూర్తిగా ఆపేది ఏదీ లేదు. వైన్‌లా ఏళ్లు గడిస్తే మెరుగయ్యే గుణం కూడా దీనికి లేదు. కొత్త నూనెలోని చేదు, ఘాటు మొదటి కొన్ని నెలల్లో కాస్త మెత్తబడతాయి, అంతే. ఆ తర్వాత నాణ్యత తగ్గడమే తప్ప పెరగడం ఉండదు.

మధ్యధరా సముద్ర తీర దేశాల ఇళ్లకు ఈ నూనెను దాచుకోవడంలో వేల ఏళ్ల అనుభవం ఉంది. తెలుగు ఇళ్లలోకి ఇది వంటనూనెగా రావడం మాత్రం ఇటీవలి సంగతి. అంతకుముందు పసిపిల్లల ఒంటికి మర్దన చేసే నూనెగా, మందుల షాపులో దొరికే చిన్న రేకు డబ్బాగానే చాలామందికి తెలుసు. స్పెయిన్, ఇటలీ, గ్రీసు దేశాల్లో రోజువారీ వంటంతా దీనితోనే సాగే ఇంట్లో లీటరు సీసా ఎక్కువ రోజులు ఉండదు. సలాడ్‌కో పాస్తాకో చెంచాల లెక్కన వాడే తెలుగు ఇంట్లో అదే సీసా మూడు నాలుగు నెలలు తెరిచి ఉంటుంది, అదీ ఎండాకాలం మీదుగా. అక్కడి ఇళ్లకు సరిపోయే సలహా ఇక్కడ ఉన్నదున్నట్టు పాటిస్తే చాలకపోవడానికి కారణం ఇదే.

నూనె స్వభావం, రకాలు

వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు నూనెలు గింజల నుంచి వస్తే, ఆలివ్ నూనె కాయ గుజ్జు నుంచి వస్తుంది. కాయలను నూరి ముద్ద చేసి, ఆ ముద్దను కాసేపు నెమ్మదిగా కలియబెట్టి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పి పిప్పిని, నీటిని వేరు చేస్తారు. రసాయనాలు, రిఫైనింగ్ ఏవీ లేకుండా ఇలా యంత్రాలతోనే తీసిన నూనెను వర్జిన్ నూనె అంటారు. మాడ్రిడ్ కేంద్రంగా 1959 నుంచి పనిచేస్తున్న అంతర్జాతీయ ఆలివ్ మండలి ప్రమాణం ప్రకారం ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెలో స్వేచ్ఛా ఆమ్లత ఓలిక్ ఆమ్లం లెక్కలో 0.8 శాతం మించకూడదు. వర్జిన్ రకానికి ఈ హద్దు 2 శాతం. ఆక్సీకరణం తొలిదశ ఎంత సాగిందో చూపే పెరాక్సైడ్ విలువ రెండింటికీ 20 దాటకూడదు. వీటికి తోడు శిక్షణ పొందిన రుచి నిపుణుల బృందం పరీక్ష ఉంటుంది. అందులో ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెకు వాసనలో గానీ రుచిలో గానీ ఒక్క దోషం కూడా పడకూడదు.

సీసా మీద ఉత్త ‘ఆలివ్ ఆయిల్’ అని ఉంటే అది రిఫైన్ చేసిన నూనెలో కొంత వర్జిన్ నూనె కలిపినది. ‘పోమాస్’ అనేది మిగిలిన పిప్పి నుంచి ద్రావకాలతో తీసి, రిఫైన్ చేసి, వర్జిన్ నూనె కలిపిన రకం. ‘ఎక్స్‌ట్రా లైట్’ అన్న మాట రంగు, రుచి తేలికగా ఉన్నాయని చెబుతుందే కానీ కొవ్వు తగ్గిందని కాదు. రిఫైన్ చేసిన రకాలకు పోగొట్టుకోవడానికి సువాసన పెద్దగా ఉండదు. కానీ నూనెను సహజంగా కాపాడే ఫినాల్ పదార్థాలు కూడా రిఫైనింగ్‌లో చాలావరకు పోతాయి కాబట్టి వాటినీ అశ్రద్ధగా ఉంచడానికి లేదు.

రకం పేరు నూనెకు శాశ్వతంగా దక్కే బిరుదు కాదన్నది కొనేవారు సాధారణంగా గమనించని విషయం. సీసాలో నింపిన రోజున ఎక్స్‌ట్రా వర్జిన్‌గా నెగ్గిన నూనె ఏడాది తర్వాత అదే పరీక్షలో ఓడిపోవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని ఆలివ్ కేంద్రం 2010లో విడుదల చేసిన నివేదికలో, ఆ రాష్ట్రపు దుకాణాల్లో ఎక్స్‌ట్రా వర్జిన్ పేరుతో అమ్ముతున్న దిగుమతి నూనెల నమూనాల్లో 69 శాతం రుచి పరీక్షలో తప్పాయి. ఆ నివేదిక మీద పరిశ్రమ నుంచి అభ్యంతరాలు వచ్చాయి. అయితే కల్తీ అన్న మాట పత్రికల్లో మోగినంతగా, అదే నివేదిక చెప్పిన మరో కారణం వినపడలేదు: వేడికి, వెలుతురుకు, వయసుకు నూనె ఆక్సీకరణం చెందడం.

నూనె ఎందుకు ముక్కిపోతుంది

నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడిపోవడాన్ని ముక్కిపోవడం అంటారు. ఏ నూనె ఎంత త్వరగా ముక్కిపోతుందన్నది ముఖ్యంగా దానిలోని కొవ్వు ఆమ్లాల మీద ఆధారపడుతుంది. ఆలివ్ నూనెలో 55 నుంచి 83 శాతం దాకా ఓలిక్ ఆమ్లమే. ఇందులో ఒకే ద్విబంధం ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ దాడి చేయడానికి చోటు తక్కువ. రెండు ద్విబంధాలున్న లినోలిక్ ఆమ్లం దీనికంటే సుమారు పది రెట్లు త్వరగా ఆక్సీకరణం చెందుతుంది. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో సగానికి పైగా ఉండేది ఆ లినోలిక్ ఆమ్లమే. ఆలివ్ నూనె నిలవకు ఓర్చుకోవడానికి మొదటి కారణం ఇది.

రెండో కారణం ఫినాల్ పదార్థాలు, టోకోఫెరాల్ రూపంలో ఉండే విటమిన్ ఇ. ఇవి నూనె కంటే ముందు తామే ఆక్సిజన్‌కు ఎదురువెళ్లి ఖర్చయిపోతాయి. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె మింగినప్పుడు గొంతులో తగిలే మంట, నాలుక మీద చేదు ఫినాల్ పదార్థాల వల్లే వస్తాయి. గొంతు మంటకు కారణమైన ఓలియోకాంథాల్‌కు ఇబుప్రోఫెన్ మందును పోలిన గుణం ఉందని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. తెలుగు వంటింట్లో దీనికి దగ్గరి బంధువు నువ్వుల నూనె: అందులో లినోలిక్ ఆమ్లం ఎక్కువే అయినా సెసమాల్ వంటి పదార్థాల అండతో అది చాలాకాలం నిలుస్తుంది. ఊరగాయల్లో నువ్వుల నూనెకు పెద్దపీట వేసిన పాత అలవాటు ఈ గుణానికి బాగా నప్పింది.

అన్ని ఆలివ్ రకాలూ ఒకే తీరులో నిలవవు. స్పెయిన్‌లోని హాయెన్ ప్రాంతంలో విస్తారంగా పండే పిక్వాల్, దక్షిణ ఇటలీ రకమైన కొరాతీనా, గ్రీసు రకం కొరొనేకీ నూనెల్లో ఫినాల్ పదార్థాలు ఎక్కువ. అవి నిలవకు బాగా తట్టుకుంటాయి. కాటలోనియాలో పుట్టి ప్రపంచమంతా పాకిన అర్బెకీనా నూనె తియ్యగా, మృదువుగా ఉంటుంది, కానీ త్వరగా వాడిపోతుంది. సీసా మీద రకం పేరు రాసి ఉంటే ఏది ముందు ఖర్చు పెట్టాలో దాన్ని బట్టి తేల్చుకోవచ్చు.

ఆక్సీకరణం గొలుసుకట్టుగా సాగుతుంది. వేడి, వెలుతురు లేదా లోహపు జాడల ప్రేరణతో ఒక కొవ్వు ఆమ్లం ఫ్రీ రాడికల్‌గా మారుతుంది. అది ఆక్సిజన్‌తో కలిసి, పక్కనున్న మరో అణువును కదిలించి, తాను హైడ్రోపెరాక్సైడ్ అవుతుంది. హైడ్రోపెరాక్సైడ్లకు వాసన ఉండదు. అందుకే లోపల పని చాలా దూరం సాగినా ముక్కుకు ఏమీ తెలియదు. అవి విరిగి హెక్సనాల్, నొనానాల్ వంటి ఆల్డిహైడ్లుగా మారినప్పుడే ముక్క వాసన బయటపడుతుంది. ఆ దశలో హైడ్రోపెరాక్సైడ్లు తగ్గిపోతాయి కాబట్టి, బాగా పాతబడిన నూనెలో పెరాక్సైడ్ విలువ ఒక్కోసారి తక్కువగానే కనిపిస్తుంది. ఒక్క అంకె చూసి నూనెను మెచ్చుకోకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ.

వెలుతురు చేసే హాని వేరే దారిలో, ఇంకా వేగంగా జరుగుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెకు ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం చీకట్లో ఉన్నంతసేపు ఏ అపకారమూ చేయదు. వెలుతురు పడగానే అది కాంతి శక్తిని పీల్చి ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా ఉత్తేజితమైన సింగ్లెట్ ఆక్సిజన్ మామూలు ఆక్సిజన్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేగంతో లినోలిక్ ఆమ్లం మీద పడుతుంది. పచ్చగా మెరిసే నూనెను అందం కోసం తెల్లటి గాజు సీసాలో పోసి కిటికీ దగ్గర పెట్టడం ఆ నూనెకు చేయగలిగిన అన్యాయాల్లో పెద్దది. ఎండ మాత్రమే కాదు, దుకాణపు అల్మరాల్లో రోజంతా వెలిగే ట్యూబ్ లైట్లూ ఇదే పని నెమ్మదిగా చేస్తాయి.

స్వేచ్ఛా ఆమ్లత పెరగడం మరో సంగతి. నీరు, ఎంజైములు కలిసి కొవ్వును విడగొట్టడం వల్ల ఇది వస్తుంది. దెబ్బతిన్న కాయల్లో, గానుగకు చేరక ముందు కుప్పలు పోసిన చోట ఎక్కువగా జరుగుతుంది. నీరు, గుజ్జు లేకుండా వడకట్టిన నూనెలో ఇంటి నిల్వ వల్ల ఆమ్లత పెద్దగా మారదు.

పాత కాలపు నిల్వ

క్రీట్ దీవిలోని క్నోసోస్ రాజప్రాసాదంలో 1900లో ఆర్థర్ ఎవాన్స్ మొదలుపెట్టిన తవ్వకాల్లో పొడవాటి కొట్ల వరుసలు, వాటిలో మనిషెత్తు మట్టి బానలు బయటపడ్డాయి. పిథోయ్ అనే ఈ బానల్లో నూనె, ధాన్యం, వైన్ దాచేవారు. మందమైన మట్టి గోడ, చీకటి కొట్టు, తక్కువ గాలి: నేటి సలహాల్లో చాలా భాగం ఆ ఏర్పాటులోనే ఉంది.

రోమన్ల భయం మాత్రం వేడి గురించి కాదు, చలి గురించి. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దపు వాస్తుకారుడు విట్రూవియస్ పల్లెటూరి ఇంటిలో వైన్ గదికి ఉత్తరపు వెలుతురు, నూనె గదికి దక్షిణపు వెచ్చదనం ఉండాలని చెప్పాడు. చలికి నూనె గడ్డకడితే వాడుకోవడం కష్టమన్నది ఆయన లెక్క. దీపపు వెలుగులో, కొయ్య మూతల కింద నూనెను నిలవ చేసిన కాలంలో ఆ ఇబ్బంది నిజమే. నూనె రసాయన శాస్త్రం తెలిశాక సలహా తిరగబడింది.

బాన గోడలకు నూనె ఇంకితే ఏమవుతుందో చూపే గుట్ట ఒకటి రోమ్ నగరంలో ఇప్పటికీ ఉంది. సుమారు 35 మీటర్ల ఎత్తున్న మోంతే తెస్తాచ్చో పూర్తిగా పగిలిన కుండ పెంకులతో ఏర్పడింది. క్రీస్తు శకం 1 నుంచి 3వ శతాబ్దం దాకా బేటికా నుంచి, అంటే నేటి అండలూసియా నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన నూనె కుండల పెంకులవి. స్పెయిన్ నుంచి వచ్చిన గుండ్రని కుండలో దాదాపు 70 కిలోల నూనె పట్టేది. ఉత్త కుండ బరువే 30 కిలోల దాకా ఉండేది. వైన్ కుండలను మళ్లీ వాడుకున్నట్టు వీటిని వాడుకోలేకపోయారు. మట్టిలోకి ఇంకిన నూనె ముక్కిపోయి, తర్వాత పోసిన నూనెను కూడా చెడగొట్టేది. అందుకే ఖాళీ అయిన కుండలను పగలగొట్టి పేర్చి, కంపు కొట్టకుండా పైన సున్నం చల్లారు. పాత నూనె జిడ్డు అంటిన సీసాలో కొత్త నూనె పోయకూడదన్న వంటింటి సూత్రానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం దొరకదు.

లోపల మెరుగు పూసిన జాడీలు వచ్చాక ఈ ఇబ్బంది తగ్గింది. టస్కనీ ఇళ్లలోని ఓర్చో జాడీలు, స్పెయిన్‌లోని తినాహా బానలు ఆ కోవలోవే. నేటి గానుగల్లో వాటి స్థానాన్ని స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకులు తీసుకున్నాయి. ట్యాంకుల్లో నూనె మీద ఖాళీ స్థలాన్ని నైట్రోజన్ వాయువుతో నింపి, గదిని 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు.

పాత్ర

ఇంటికి తెచ్చిన నూనెకు నచ్చే పాత్ర వెలుతురును, గాలిని లోపలికి రానీయనిది, నూనెకు తన నుంచి ఏదీ ఇవ్వనిది. ముదురు గోధుమ రంగు గాజు, ముదురు ఆకుపచ్చ గాజు, లోపల పూత ఉన్న రేకు డబ్బా, స్టెయిన్‌లెస్ స్టీల్ మూడు షరతులనూ తీరుస్తాయి. అతినీలలోహిత కిరణాలను ఆపడంలో గోధుమ రంగు గాజు ఆకుపచ్చ గాజు కంటే మెరుగు. తెల్ల గాజు సీసాలో కొన్న నూనె అయితే సీసా చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టినా, అది వచ్చిన అట్టపెట్టెలోనే ఉంచినా సరిపోతుంది.

ప్లాస్టిక్ సీసాల్లో ఎక్కువగా వాడే పెట్ రకం ద్వారా ఆక్సిజన్ కొద్ది కొద్దిగా లోపలికి వెళ్తూనే ఉంటుంది. వారాల్లో ఖర్చయ్యే నూనెకు ఇది లెక్కలోకి రాదు. ఏడాది దాచాల్సిన నూనెకు వస్తుంది. పెట్టె లోపల సంచి ఉండే ప్యాకింగ్ కొన్ని దేశాల్లో దొరుకుతుంది. నూనె తీసిన కొద్దీ సంచి ముడుచుకుపోతుంది, గాలికి చోటు దొరకదు. చూడటానికి సాదాగా ఉన్నా, పెద్ద మొత్తంలో కొనేవారికి గాజు సీసా కంటే ఇదే మేలు.

రాగి, ఇత్తడి, ఇనుప పాత్రలు నూనెకు తగవు. ఈ లోహాలు అతి స్వల్పంగా కరిగినా ఆక్సీకరణానికి ఉత్ప్రేరకాలుగా పనిచేస్తాయి. వర్జిన్ నూనెలో రాగి కిలోకు 0.1 మిల్లీగ్రాము, ఇనుము 3 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం నియమం పెట్టడానికి కారణం ఇదే. మంచినీళ్లకు రాగి బిందె మంచిదన్న అలవాటును నూనె దాకా తీసుకురాకూడదు. పింగాణీ జాడీలు భేషుగ్గా పనికొస్తాయి, మూత బిగువుగా ఉన్నంతవరకు. ఊరగాయ జాడీల మూతలు చాలావరకు వదులుగా కూర్చుంటాయి. వాసెన గుడ్డ కట్టినా గాలి ఆగదు.

ఎక్కడ పెట్టాలి

నిలవ నూనెకు 14 నుంచి 18 డిగ్రీల మధ్య చీకటి చోటు ఉత్తమం, 20, 22 డిగ్రీలైనా ఫర్వాలేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపవుతుందన్న ఉజ్జాయింపు లెక్క ఇక్కడా పనికొస్తుంది. ఆ లెక్కన 15 డిగ్రీల చోట నాలుగు నెలల్లో జరిగే నష్టం 35 డిగ్రీల వంటింట్లో నెలలో జరిగిపోతుంది. యూరప్ దేశాల సీసాల మీద ‘వేడికి, వెలుతురుకు దూరంగా ఉంచండి’ అన్న సూచన మర్యాద కోసం రాసింది కాదు. ఐరోపా సమాఖ్య 2013లో చేసిన నిబంధనతో అది తప్పనిసరి అయింది.

ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, రెంటచింతల, విజయవాడ వంటి చోట్ల బయట 42 నుంచి 45 డిగ్రీల ఎండ కాస్తుంటే ఇంట్లో చల్లని చోటు అనే మాటకు అర్థం మారుతుంది. అటక అన్నిటికంటే చెడ్డ చోటు. ఎండకు కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడిని కిందికి దింపుతూనే ఉంటుంది, ఆఫర్లో కొన్న అయిదు లీటర్ల డబ్బాలు చేరేది కూడా సాధారణంగా అక్కడికే. స్టవ్ పక్కన, చిమ్నీకి ఆనుకున్న అరలో, ఫ్రిజ్ వెనక వేడి తగిలే మూలలో పెట్టినా అదే ఫలితం. వంటగట్టు కింద, నేలకు దగ్గరగా, పడమటి ఎండ తగలని గోడ వైపు ఉన్న మూసిన అర మిగతా చోట్ల కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. గచ్చు మీద రాతి పలకలున్న పాత ఇళ్లలో సామాను గది ఇంకా మంచిది.

ఆ అరలో పక్కన ఏముందో కూడా చూడాలి. నూనె వాసనలను పట్టుకుంటుంది. కిరోసిన్, ఫినాయిల్, డిటర్జెంట్ పొడి, కలరా ఉండలు, గట్టిగా కట్టని ఇంగువ పొట్లం పక్కన వదులు మూతతో నెల రోజులు ఉన్న సీసా ఆ సంగతి చెప్పకనే చెబుతుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో హోల్‌సేల్ క్లబ్బుల నుంచి రెండు మూడు లీటర్ల సీసాలు జంటగా కొని గ్యారేజీలో పేర్చే అలవాటు కనిపిస్తుంది. టెక్సస్, అరిజోనా వంటి రాష్ట్రాల్లో వేసవి మధ్యాహ్నం గ్యారేజీ ఇంట్లోకెల్లా వేడి చోటు. అక్కడ సెల్లార్ ఉంటే అది, లేకపోతే ఏసీ నడిచే ఇంటి లోపలి అర మేలు.

ఫ్రిజ్‌లో పెట్టవచ్చా

మధ్యధరా దేశాల నిపుణులు సాధారణంగా అక్కర్లేదనే చెబుతారు. ఫ్రిజ్ చలికి నూనె మసకబారి, కొంత గడ్డకట్టి, అడుగున తెల్లటి పలుకులు కనిపిస్తాయి. చలికాలం పొద్దున కొబ్బరి నూనె సీసాలో పేరుకున్నట్టే ఇదీ పేరుకుంటుంది, గది వేడికి తిరిగి కరుగుతుంది. అంతమాత్రాన నూనె చెడినట్టు కాదు. అయితే రోజూ బయటికి తీసి లోపల పెడుతుంటే సీసా మెడ లోపల తేమ పడుతుంది, పైగా గడ్డకట్టిన నూనెను పోసుకోవడానికి ఆగాల్సి వస్తుంది.

ఎండాకాలపు తెలుగు నేలకు ఈ వాదన సగమే వర్తిస్తుంది. వంటింట్లో 38 డిగ్రీలు నడిచే రెండు నెలల పాటు, తెరవని సీసాలను ఫ్రిజ్ తలుపు అరలో కాకుండా లోపలి అరలో ఉంచడం, వారం పది రోజులకు సరిపడా నూనెను చిన్న సీసాలో బయట ఉంచుకోవడం తెలివైన పద్ధతి. తెరిచిన పెద్ద సీసాకు కూడా మూత బిగించి ఇదే చేయవచ్చు. బయటికి తీశాక పైన చెమట ఆరిన తర్వాతే మూత తెరవాలి.

ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నూనె అసలైనది, గడ్డకట్టనిది కల్తీ అన్న నమ్మకం ఆ మధ్య టీవీ కార్యక్రమాల ద్వారా బాగా ప్రచారమైంది. ఇది నిలబడే పరీక్ష కాదు. గడ్డకట్టడం ఆ రకం కాయలోని సంతృప్త కొవ్వుల పాళ్ల మీద, కాయ తొక్క నుంచి వచ్చే మైనపు పదార్థాల మీద ఆధారపడుతుంది. నిఖార్సైన ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె కొన్ని సార్లు ద్రవంగానే ఉండిపోతుంది, కలిపిన నూనె కొన్ని సార్లు గడ్డకడుతుంది. డేవిస్ ఆలివ్ కేంద్రం పరిశీలనలోనూ ఈ పరీక్ష నిలవలేదు.

తెరిచిన తర్వాత

మూత తీయని ఎక్స్‌ట్రా వర్జిన్ సీసా మంచి నిల్వలో 12 నుంచి 18 నెలలు నాణ్యంగా ఉంటుంది. మూత తీసిన రోజు నుంచి లెక్క మారుతుంది. పోసుకున్న ప్రతి చెంచా నూనె స్థానంలో అంతే గాలి సీసాలోకి వస్తుంది. సీసా సగమయ్యేసరికి నూనె ఎంతో గాలి అంత. నింపిన సీసా కంటే సగం సీసా, సగం సీసా కంటే అడుగున మిగిలిన నూనె త్వరగా చెడతాయి. దేవుడి గదిలో నూనెలాగా చివరి చుక్క దాకా అలాగే ఉంచకుండా, సగమైనప్పుడు చిన్న సీసాలోకి మూత దాకా నింపి మార్చుకుంటే గాలి వాటా తగ్గుతుంది. తెరిచిన సీసాను చలికాలంలో రెండు మూడు నెలల్లో, ఎండాకాలంలో నెల, నెలన్నరలో పూర్తి చేయడం మంచిది.

దీన్ని బట్టి కొనుగోలు లెక్క తేలిపోతుంది. వారానికి నాలుగైదు చెంచాలు వాడే ఇంటికి 250 మిల్లీలీటర్ల సీసా చాలు. లీటరు ధర చూస్తే పెద్ద డబ్బా చవకగా కనిపిస్తుంది, కానీ అందులో ఆఖరి భాగం ముక్క వాసనతో మిగిలితే ఆ చవక నిలవదు. చిన్న సీసా కొనడమొక్కటి పాటించినా మిగతా జాగ్రత్తల్లో సగం అవసరం తీరుతుంది. కొనేటప్పుడు సీసా మీద కాయ కోత తేదీ ఉంటే దానికే విలువ ఇవ్వాలి. ‘బెస్ట్ బిఫోర్’ తేదీని సాధారణంగా సీసాలో నింపిన రోజు నుంచి లెక్కిస్తారు, నూనె అంతకు ముందు ట్యాంకులో ఎన్నాళ్లు ఉందో అది చెప్పదు. ఉత్తరార్ధగోళంలో కోత అక్టోబర్ నుంచి జనవరి దాకా, చిలీ, ఆస్ట్రేలియాల్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాగుతుంది.

బల్ల మీద పెట్టుకునే ముక్కు సీసా, దాని కొసకు బిగించే లోహపు గొట్టం సౌకర్యమే కానీ, రంధ్రానికి మూత లేకపోతే సీసా రాత్రింబవళ్లు తెరిచి ఉన్నట్టే. అలాంటి సీసాలో వారానికి మించిన నూనె పోయకూడదు. అయిపోవచ్చినప్పుడు దాని మీదే కొత్త నూనె పోయడం ఇంకా పెద్ద తప్పు. అడుగున, గోడల మీద మిగిలిన పాత నూనెలోని హైడ్రోపెరాక్సైడ్లు కొత్త నూనెలో గొలుసు చర్యను అప్పటికప్పుడు మొదలుపెడతాయి. సీసాను వేడి నీళ్లు, సబ్బుతో కడిగి, సబ్బు వాసన పోయేదాకా తొలిచి, తలకిందులుగా పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. లోపల నీటి చుక్క మిగిలినా ఇబ్బందే. హోటళ్లలో ఇలా నింపిందే నింపడాన్ని ఆపాలని స్పెయిన్ 2014 జనవరి నుంచి తిరిగి నింపడానికి వీల్లేని, లేబుల్ ఉన్న సీసాలనే బల్లల మీద పెట్టాలని చట్టం చేసింది. ఐరోపా సమాఖ్య అంతటికీ అదే నియమం తేవాలన్న ప్రతిపాదనను మాత్రం 2013 మేలో వెనక్కి తీసుకున్నారు.

వేయించగా మిగిలిన నూనెను అసలు సీసాలో కలపకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

వడకట్టని నూనె ఇంకొక జాగ్రత్త కోరుతుంది. కొత్త కోత వేళ మబ్బుగా, చిక్కగా వచ్చే ఈ నూనెలో కాయ నీరు, గుజ్జు రేణువులు తేలుతుంటాయి. కొన్ని వారాల్లో అవి అడుగుకు చేరి మడ్డి కడతాయి, గాలి లేని ఆ మడ్డి పులిసి దుర్వాసన పుట్టిస్తుంది. రుచి నిపుణుల దోషాల పట్టికలో ఈ మడ్డి వాసనకు ప్రత్యేక స్థానం ఉంది. ఈ రకాన్ని కొద్ది నెలల్లో వాడేయాలి, లేదా కదపకుండా పైనున్న తేట నూనెను మరో సీసాలోకి వంచుకోవాలి.

వెల్లుల్లి, మూలికలు వేసిన నూనె

ఇంట్లో వెల్లుల్లి రేకలు, ఎండని తులసి జాతి ఆకులు, మిరపకాయలు వేసి నూనెను గది వేడిలో నిలవ చేయడం ప్రమాదకరం. ఇక్కడ సమస్య ముక్కిపోవడం కాదు, బొటులిజం. మట్టిలో ఉండే క్లోస్ట్రిడియం బొటులినం బాక్టీరియా గాలి లేని చోట, తేమ, తక్కువ పులుపు ఉన్న పదార్థంలో పెరిగి నరాలను స్తంభింపజేసే విషాన్ని తయారు చేస్తుంది. నూనెలో మునిగిన వెల్లుల్లి రేక సరిగ్గా అలాంటి చోటు. కెనడాలోని వాంకూవర్‌లో 1985లో ఒక హోటల్లో నూనెలో నిలవ చేసిన వెల్లుల్లి వల్ల 36 మంది, 1989లో న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో ముగ్గురు ఈ జబ్బు పాలయ్యారు. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వం అమ్మకానికి తయారయ్యే ఇలాంటి నూనెల్లో పులుపు కలపడాన్ని తప్పనిసరి చేసింది. విషం పుట్టినా నూనె రంగు, రుచి మారకపోవచ్చు. ఇంట్లో చేసుకున్నది ఫ్రిజ్‌లోనే ఉంచి, నాలుగు రోజుల్లో వాడి, మిగిలింది పారేయాలి.

మరి ఏడాది పొడవునా వెల్లుల్లి నూనెలో ఊరే ఆవకాయ సంగతేమిటన్న ప్రశ్న తెలుగువారికి సహజం. ఆవకాయలో మామిడి ముక్కల పులుపు, దండిగా పడే ఉప్పు వెల్లుల్లి లోపలిదాకా ఎక్కుతాయి. ఆ పులుపులో ఈ బాక్టీరియా పెరగదు. పైన తేలాల్సిన నూనె బూజు రాకుండా గాలిని ఆపుతుంది. పులుపూ ఉప్పూ లేని వెల్లుల్లి నూనెకు ఆ రక్షణ ఏదీ లేదు.

చెడిందో లేదో తెలుసుకోవడం

రంగును నమ్మకూడదు. ఆ పొరపాటు రాకూడదనే రుచి నిపుణులు నూనెను నీలం గాజు గ్లాసులో పోసి, 28 డిగ్రీల దగ్గర వేడి చేసి పరీక్షిస్తారు. ఇంట్లో చిన్న గ్లాసులో రెండు చెంచాల నూనె పోసి, అరచేత్తో మూసి, మరో చేత్తో గ్లాసు అడుగును పట్టుకుని ఒకట్రెండు నిమిషాలు వెచ్చబడనిచ్చి, మూత తీసి వెంటనే వాసన చూడాలి. మంచి ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె కోసిన గడ్డి, టమాటా ఆకు, పచ్చి ఆపిల్ వాసనలను గుర్తుకు తెస్తుంది. ముక్కిన నూనెది నాలుగు నెలల కిందటి జంతికల డబ్బా అడుగు వాసన, పాత వేరుశనగ పప్పు వాసన, మైనపు రంగు పెన్సిళ్ల వాసన. నోట్లో పోసుకుంటే జిడ్డుగా అంటుకుంటుంది. చేదు, గొంతు మంట దోషాలు కావు, నూనె ఇంకా సజీవంగా ఉందనడానికి గుర్తులు. ఏ వాసనా లేకుండా చప్పగా ఉంటే అది ముక్కకపోయినా వయసు మీరినట్టు. అలాంటిది తాలింపుకు, వేయించడానికి పనికొస్తుంది, సలాడ్ మీదికి పనికిరాదు.

ఫినాల్ పదార్థాల కోసమే ఈ నూనె కొనేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. రక్తంలోని కొవ్వులను ఆక్సీకరణం నుంచి కాపాడుతుందన్న మాట లేబుల్ మీద రాయడానికి ఐరోపా సమాఖ్య 2012లో పెట్టిన షరతు, 20 గ్రాముల నూనెలో కనీసం 5 మిల్లీగ్రాముల హైడ్రాక్సీటైరొసాల్, దాని సంబంధిత పదార్థాలు ఉండాలన్నది. నూనె వాసన బాగానే ఉన్నా ఈ పదార్థాలు నిలవలో నెలనెలా తరుగుతాయి. తాజా నూనెకు, దాచిన నూనెకు మధ్య నాలుకకు పట్టుబడని తేడా ఇక్కడే ఉంటుంది.

ముక్క వాసన స్పష్టంగా వస్తున్న నూనెను వంటకు వాడకూడదు. ఒక పూట తిన్నంత మాత్రాన జబ్బు చేయదు కానీ, దాన్ని మంచి నూనెతో కలిపి సర్దుకుందామనుకుంటే రెండోది కూడా పాడవుతుంది. ఇలాంటి నూనెను దీపానికి వాడవచ్చు. మధ్యధరా దేశాల్లో తినడానికి పనికిరాని నూనె శతాబ్దాల పాటు వెళ్లింది దీపాల్లోకే. కిర్రుమనే తలుపు బందులకు రాయవచ్చు. సబ్బు తయారీకి కూడా పనికొస్తుంది. పారేయాల్సి వస్తే సింకులో పోయకుండా, పాత కాగితాలకో రంపపు పొట్టుకో పీల్పించి చెత్తలో వేయాలి. గొట్టాల్లో పేరుకున్న నూనె మురుగును అడ్డుకుంటుంది.